తప్పు లేని ప్రదర్శన, నమ్మని హాలు: తిరుపతిలో ఒక మెంటలిజం అంశాన్ని తిరగరాసిన కేసు

తిరుపతి శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ వార్షికోత్సవం. ఆరు వందల సీట్ల ఆడిటోరియం, ముందు రెండు వరుసల్లో అధ్యాపకులు, పిల్లల తల్లిదండ్రులు. మెంటలిజానికి, అంటే ఎదుటివాళ్ళ మనసు చదివినట్టు చూపే ప్రదర్శనకు, ఇచ్చిన సమయం 35 నిమిషాలు. ప్రదర్శకుడికి పాతికేళ్ళు ఉంటాయి, చేతిపని శుభ్రం. నాలుగు అంశాలు చేశాడు: కాగితం మీద రాసిన పేరు చెప్పడం, పుస్తకంలో ఎంచుకున్న మాట చెప్పడం, ప్రేక్షకుడి ఫోన్‌లో కాలిక్యులేటర్ చూపే అంకెను ముందే చెప్పడం, వారం ముందు ప్రిన్సిపాల్‌కి ఇచ్చిన సీలు కవర్లోంచి ఆ రోజు పేపర్ హెడ్‌లైన్ బయటికి తీయడం.

నాలుగూ పొల్లు పోకుండా నడిచాయి. చప్పట్లూ పడ్డాయి. తలుపు దగ్గర నిలబడి వింటే మాత్రం మాటలు వేరుగా ఉన్నాయి. "ఆ పిల్లోడు వాళ్ళ మనిషే లేప్పా." "చెవికి మైకు తగిలించుకోని ఉన్నాడు, లోపల్నుంచి ఎవురో చెప్తా ఉంటారు." "కాలిక్యులేటర్‌ది రీల్స్‌లో చూసినా." ఇంకోపక్క ఒక తల్లి వేదిక మెట్ల దగ్గరికి వచ్చి, కూతురికి సంబంధం ఎప్పుడు కుదురుతుందో చెప్పమని అడిగింది.

పైకి ఇవి రెండు వేర్వేరు సమస్యలుగా కనిపిస్తాయి. నిజానికి లోపం ఒక్కటే. ఆ 35 నిమిషాల్లో ఎక్కడా, ఇతనికి ఇవన్నీ ఏ దారిన తెలుస్తున్నాయో హాలుకు చెప్పలేదు. ప్రదర్శకుడు దారి చూపకపోతే ప్రేక్షకుడు తనకు దగ్గరగా ఉన్న దారి పట్టుకుంటాడు. కుర్రాళ్ళకు దగ్గరగా ఉన్నది 'వాళ్ళ మనిషి', 'ఇయర్‌ఫోన్', 'రీల్స్'. ఆ తల్లికి దగ్గరగా ఉన్నది జాతకం. మెళకువ ఎంత గట్టిదైనా ఈ ఖాళీని పూడ్చలేదు.

ఒక్క మనిషికి నాలుగు శక్తులు

ముఖం చూసి మనసులో మాట పట్టేవాడు రేపటి హెడ్‌లైన్ ఎలా చెప్తాడు? కాలిక్యులేటర్ లెక్క ఏ ముఖంలో కనిపిస్తుంది? ప్రేక్షకుడు ఈ ప్రశ్న పైకి అడగడు. అయితే మొదటి అంశంతో పుట్టిన అరకొర నమ్మకం నాలుగో అంశానికి వచ్చేసరికి చచ్చిపోతుంది. ఇన్ని రకాలు చేయగలిగేవాడు గారడీవాడే కదా అని మనసు తేల్చుకుంటుంది. హెడ్‌లైన్ కవరు నలుగురి చేతులు మారి వచ్చింది కాబట్టి బలమైన అంశమని ప్రదర్శకుడు అనుకున్నాడు. ఎంత కట్టుదిట్టం చేసినా సీలు కవరు అనగానే 'ఎక్కడో మార్చేశారు' అన్న అనుమానం దానితో పాటే వస్తుంది.

కాలిక్యులేటర్‌ది ఇంకా సులువైన తీర్పు. ఫోన్‌లో ముందే ఒక గుణకారం దాచి, చివర్లో కావలసిన అంకె రప్పించే పద్ధతిని కాలేజీ పిల్లల్లో సగం మందికి సగం తెలుసు. సగం తెలియడమే ప్రమాదం, ఎందుకంటే ఆ సగంతో వాళ్ళు మిగతా మూడు అంశాలను కూడా కొట్టిపారేస్తారు. ప్రదర్శనను తిరగరాసేటప్పుడు ఈ రెండింటినీ తీసేశాం. 35 నిమిషాలు 28 అయ్యాయి.

అవధానం నుంచి తెచ్చుకున్నది

తెలుగు ప్రేక్షకుడికి మనోశక్తి ప్రదర్శన కొత్తేమీ కాదు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఒకరి తర్వాత ఒకరు అడ్డం పడుతుంటారు. నిషిద్ధాక్షరి వేసేవారు అక్షరం అక్షరానికీ ఆంక్ష పెడతారు, అప్రస్తుత ప్రసంగి కావాలని దారి తప్పిస్తాడు. మధ్యలో గంట మోగుతుంటే ఎన్నిసార్లు మోగిందో లెక్క పెట్టుకోవాలి. చివర ధారణలో పద్యాలన్నీ అప్పజెప్పాలి. అవధాని ముందే సిద్ధమై వచ్చాడని సభలో ఎవరూ గొణగరు. ఆయనకు దేవుడు పూనాడని కూడా ఎవరూ అనరు, సాధన అంటారు.

ఈ నమ్మకం మూడు చోట్ల నుంచి వస్తుంది. అడిగేవాళ్ళు ఊరికి తెలిసినవాళ్ళు, అవధానిని ఇరకాటంలో పెట్టడమే వాళ్ళ పని. కష్టం కళ్ళెదుట కనిపిస్తుంది. అన్నిటికీ మూలంగా చెప్పేది ఒక్క శక్తే: ధారణ, దాంతో కూడిన ఏకాగ్రత. కాలేజీ ప్రదర్శనలో ఈ మూడూ లేవు. వేదిక మీదికి వచ్చినవాళ్ళు ఎవరో ఎవరికీ తెలియదు. సమాధానాలు చిటికెలో వచ్చాయి. శక్తులు నాలుగు.

తిరగరాసిన రూపంలో ప్రదర్శకుడి దారి ఒక్కటే: 'మనిషి ఆలోచన ఒంట్లో కదలికగా బయటపడుతుంది, దాన్ని పట్టుకోవడం నేర్చుకున్నాను.' పూర్తిగా కల్పన కాదు కాబట్టే దీన్ని ఎంచుకున్నాం. ఆలోచనకు తోడుగా తెలియకుండానే కండరాలు కదులుతాయన్న దానికి ఇంగ్లండ్ శరీరశాస్త్రవేత్త విలియం కార్పెంటర్ 1852లోనే ఐడియోమోటర్ అని పేరు పెట్టాడు. బెర్లిన్‌లో గిట్టతో నేల తట్టి లెక్కలు చెప్పే గుర్రం సంగతిని 1907లో మనస్తత్వ పరిశోధకుడు ఆస్కర్ ఫంగ్స్ట్ తేల్చాడు. సరైన అంకె రాగానే అడిగినవాళ్ళ తల వాళ్ళకే తెలియకుండా కాస్త కదిలేది, అది చూసి గుర్రం ఆగేది. వేదిక మీద ఈ కథకు ఒక నిమిషం చాలు. "గంగిరెద్దు తలాడించడం చూశారు కదా, ఇక్కడ తేడా ఏంటంటే తాడు పట్టుకున్నవాడికి తను తాడు లాగుతున్నట్టు తెలీదు" అనగానే హాలుకు దారి దొరుకుతుంది.

మొదట్లో ఈ చోట 'సబ్‌కాన్షియస్', 'ఎన్‌ఎల్‌పీ' (మాటతీరు, కళ్ళ కదలికను బట్టి మనసు పట్టొచ్చనే పద్ధతి), 'కళ్ళు కుడివైపు తిరిగితే అబద్ధం' లాంటి మాటలు ఉండేవి. కళ్ళు తిరిగే దిక్కును బట్టి అబద్ధం పట్టుకోవచ్చన్నది 2012లో అచ్చయిన ప్రయోగాల్లో నిలబడలేదు. యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ ఉన్న ఊళ్ళో ఆ మాట అంటే పట్టుకునేవాళ్ళు హాల్లో ఒకరైనా ఉంటారు.

మొదటి అంశం నిజమైనదే ఉండాలి

ముందు మనం చెప్పిన దారికి రుజువు చూపాలి. అందుకే, దాచిన వస్తువును చేతిరుమాలు సాయంతో వెతకడాన్ని కొత్తగా మొదటి అంశంగా పెట్టాం. ఇందులో దొంగతనం లేదు, ఇది అవతలివాళ్ళ కండరాల కదలికను చదవడమే. 19వ శతాబ్దం చివర్లో వాషింగ్టన్ ఇర్వింగ్ బిషప్, స్టువర్ట్ కంబర్లాండ్ అనే ప్రదర్శకులు దీనితోనే పేరు తెచ్చుకున్నారు.

అందరికీ తెలిసిన ఒక పెద్దమనిషి సాక్షిగా ప్రదర్శకుడు హాలు బయటికి వెళ్తాడు. లోపల ఒక తాళంచెవిని ఎక్కడో దాస్తారు. తిరిగి వచ్చాక, చోటు తెలిసిన ఒకరు రుమాలు ఒక కొస పట్టుకుంటారు, రెండో కొస ప్రదర్శకుడి చేతిలో ఉంటుంది. రుమాలు 45 సెంటీమీటర్ల నూలుది కావాలి. మూలకు మడిచి మెలిపెడితే సుమారు రెండడుగుల తాడవుతుంది. సాగే బట్ట వద్దు, సంకేతమంతా అదే మింగేస్తుంది. బిగువుగా, నడుము ఎత్తులో పట్టుకోవాలి. "నోటితో చెప్పకండి. మనసులో కుడికి, ఎడమకి, ఆగు అని గట్టిగా అనుకోండి."

చాలామంది ఇక్కడ నెమ్మదిగా అడుగులు వేసి చెడగొట్టుకుంటారు. చురుగ్గా నడవాలి. వేగంగా వెళ్తున్నప్పుడే తప్పు దిక్కుకు తిరిగితే వెనక్కి లాగినట్టు, సరైన దిక్కుకైతే తేలికైనట్టు తెలుస్తుంది. అనుమానం వస్తే చేతిని కుడిఎడమలకు ఒకసారి ఊపి, ఎటు అడ్డు తక్కువో అటు పోవాలి. వరుస దొరికాక పైకీ కిందికీ అదే పరీక్ష. చోటు దాటిపోతే రుమాలు ఒక్కసారి బిగుసుకుంటుంది.

మనిషి ఎంపికే సగం పని. చేతులు తిప్పుతూ మాట్లాడేవాళ్ళు బాగా పనికొస్తారు, చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు కష్టం. చేయి పూర్తిగా వదిలేసే మనిషి దొరికితే "మీరు నన్ను నడిపించాలి, నేను మిమ్మల్ని కాదు" అని ఒక్కసారి చెప్పి చూడాలి, అప్పటికీ కుదరకపోతే ఇంకొకరిని పిలవాలి. అతి ఉత్సాహంతో లాక్కెళ్ళేవాళ్ళది ఇంకో చిక్కు: తాళంచెవి దొరుకుతుంది గానీ, అతనే చూపించాడని హాలంతా అనుకుంటుంది. నాలుగు నిమిషాల్లో దొరకకపోతే వెతికే చోటును రెండు వరుసలకు కుదించమని అడగాలి. అలా అడిగితే పరువు పోదు, కష్టం కనిపిస్తుంది.

బిషప్ కాలంలో మణికట్టే పట్టుకునేవారు. తిరుపతిలో కుటుంబాలు కూర్చున్న హాల్లో, పరాయి ఆడమనిషి చేయి పట్టుకుని వరుసల మధ్య తిరిగితే ముందు వరుస ముఖాలు మాడిపోతాయి. రుమాలు ఆ ఇబ్బంది తీరుస్తుంది. పైగా 'నాడి పట్టుకుని చెప్పాడు' అన్న మాటకు తావుండదు.

పేరు: ఎక్కువ దెబ్బతిన్న అంశం

కాలేజీలో చేసిన తీరు ఇది. 75 మిల్లీమీటర్ల చదరపు కాగితం మధ్యలో పేరు రాయించి, రెండు మడతలు వేయించి, చింపి, ముక్కలు బుట్టలో పారేసి, పేరు చెప్పాడు. ఇది సెంటర్ టేర్. రెండు మడతల తర్వాత కాగితం నడిమధ్య భాగం ఒక మూలకు వస్తుంది. ఆ మూలను 20 మిల్లీమీటర్ల మేర చింపి దాచుకుంటే, విప్పినప్పుడు 40 మిల్లీమీటర్ల చదరం దొరుకుతుంది.

మొదటి చిక్కు లిపిలోనే ఉంది. తెలుగు పేరు ఆ చదరంలో సరిపోదు. 'శ్రీనివాసులు' అని మామూలు చేతిరాతలో రాస్తే అడ్డంగా 45 మిల్లీమీటర్లు దాటుతుంది, కొమ్ములూ వత్తులూ కిందికి జారతాయి. చిరిగిన ముక్కలో 'నివాసు' మిగిలితే అదృష్టం. తొందరలో రాసిన వ, మ, య ఒకదానికొకటి కలిసిపోతాయి, తలకిందులుగా చూస్తే మరీనూ. చిత్తూరు వైపు వెళ్తే కొందరు తమిళంలో రాస్తారు. 'ఏ భాషలోనైనా రాయండి' అనడం వినడానికి ఉదారంగా ఉంటుంది గానీ ఆ మాటతో అంశం మునిగిపోతుంది.

రెండోది, చింపడానికి కారణం లేదు. రాయించింది చింపడానికా? 'ఎందుకు' అన్న ప్రశ్న పుట్టిన ప్రతి చోటా ప్రేక్షకుడి కన్ను అక్కడే ఉండిపోతుంది.

మూడోది ఈ ఊరికే ప్రత్యేకం. వచ్చిన పేరు వెంకటేష్. ఇక్కడ కళ్ళు మూసుకుని రాయి విసిరినా వెంకటేష్‌కో శ్రీనివాస్‌కో బాలాజీకో తగులుతుంది. ఆడవాళ్ళయితే పద్మావతి. కాస్త పల్లెల వైపు పోతే మునిరత్నం, మునెమ్మ, మునికృష్ణ. ఈ పేర్లు చెప్తే ఎవరూ ఆశ్చర్యపోరు, లాటరీ తగిలింది అనుకుంటారు.

మార్చినవి ఇవి. కాగితం బదులు విజిటింగ్ కార్డు మందంలో, 90 బై 55 మిల్లీమీటర్ల ఖాళీ కార్డు. చింపడం లేదు. లోపల పెట్టిన కార్డును ఎవరికీ తెలియకుండా చదివే వీలున్న పర్సు ద్వారా ఒక్క క్షణం చూపు, వెంటనే కార్డు రాసినవాళ్ళ జేబులోకే. రాయించడానికి కారణం ముందే చెప్పాలి: "మధ్యలో మనసు మార్చుకున్నా నేను గెలిచినట్టు ఒప్పుకుంటారు మీరు, మర్యాదకి. అలా వద్దు. రాసి, మీ పక్కనున్న సార్‌కి చూపించండి." సార్ చదవాలి కాబట్టి పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయమనడం సహజంగానే ఉంటుంది. లిపి చిక్కు అక్కడితో తీరింది.

ప్రశ్న కూడా మారింది. 'ఒక పేరు' కాదు, 'ఒకటి నుంచి ఐదో తరగతి లోపు మీ పక్కన కూర్చున్న స్నేహితుడో స్నేహితురాలో, ఇప్పుడు మీ ఫోన్‌లో నంబరు లేనివాళ్ళు'. దీంతో ఫేస్‌బుక్ వెతికాడన్న అనుమానం పోతుంది, రాసే మనిషి ముఖంలో నిజమైన జ్ఞాపకం కదులుతుంది. పేరు కింద ఆ మనిషి గురించి గుర్తున్న ఒక్క వస్తువు కూడా రాయమంటాం. పేరు వెంకటేషే వస్తే దాన్ని తేలిగ్గా చెప్పి దాటేసి, బరువంతా వస్తువు మీద పెట్టాలి. వెంకటేష్ ఎవరి నోటైనా వస్తుంది, 'పగిలిన పలక' రాదు.

చూసిన వెంటనే చెప్పకూడదు. ఈ అంశానికి ప్రాణం ఇదే. చూపుకీ జవాబుకీ మధ్య కనీసం మూడు నిమిషాలు, మరో చిన్న పని ఉండాలి. ఈ కేసులో పుస్తకం అంశాన్ని మొదలుపెట్టి, సగంలో ఆపి, తిరిగి పేరు దగ్గరికి వచ్చేలా అమర్చాం. అప్పటికి కార్డు సంగతి పలచబడుతుంది. తిరగరాశాక జరిగిన రెండో ప్రదర్శన తర్వాత ఈ అంశాన్ని తిరిగి చెప్పుకున్నవాళ్ళలో చాలామంది "ఆమె మనసులో అనుకున్నింది, ఆయన చెప్పేసినాడు" అన్నారు. కార్డు ఊసే లేదు.

చెప్పే తీరు కూడా అంతే ముఖ్యం. నేరుగా పేరు కొట్టేస్తే ట్రిక్, తడుముకుంటూ చేరితే విద్య. పేరు 'జ్యోత్స్న' అనుకుందాం. ముందు "అమ్మాయి. పేరు చిన్నదే, కానీ నోరు తిరగాలి." బోర్డు మీద 'జ్యోతి' అని రాసి, రాసిన మనిషి వైపు తిరిగి, "మీ ముఖం దగ్గరికొచ్చావంటోంది, అదే అనడం లేదు" అని, 'తి' కొట్టేసి 'త్స్న' రాయాలి. ఆ కొట్టివేత చూసిన హాలుకు పని జరుగుతున్నది కంటపడుతుంది. ఇలాంటి తప్పు మొత్తం ప్రదర్శనలో ఒక్కటే ఉండాలి, చివరి అంశంలో అసలు వద్దు. రెండోసారి తప్పితే అది నటన అని తెలిసిపోతుంది, లేదా నిజంగానే చేతకానివాడని అనుకుంటారు.

బోర్డు గురించి ఒక మాట. మెరిసే తెల్లబోర్డు వేదిక దీపాలకు అద్దమవుతుంది. ఏ2 సైజు డ్రాయింగ్ పుస్తకం, 5 మిల్లీమీటర్ల గీత పడే నల్ల మార్కర్ మేలు. ఆరు వందల సీట్ల హాల్లో తెలుగు అక్షరం పది సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, లేకపోతే చివరి వరుసకు వత్తులు మచ్చల్లా కనిపిస్తాయి.

'వాళ్ళ మనిషే'

మొదటి ప్రదర్శనలో ప్రదర్శకుడు ముందు వరుసలోంచి వేలు పెట్టి చూపి ఒక కుర్రాడిని పిలిచాడు. ఆ కుర్రాడు నిర్వాహకుల బృందంలోవాడని హాలంతటికీ తెలుసు, ప్రదర్శకుడికి తప్ప. ఇప్పుడు బంతి విసురుతున్నాం. ప్రదర్శకుడు వీపు తిప్పి విసిరితే, పట్టుకున్నవాళ్ళు మళ్ళీ వెనక్కి విసరాలి, మూడో చేతిలో పడినవాళ్ళు రావాలి. ఏ3 కాగితాలు రెండు నలిపి రబ్బరు బ్యాండ్లు వేస్తే సరిపోతుంది. రబ్బరు బంతి వద్దు. మన హాళ్ళలో ఫ్యాన్లు పొడవాటి రాడ్లకు వేలాడుతుంటాయి, రెక్క తగిలి బంతి ఎవరి కంటి మీదికి వెళ్తుందో చెప్పలేం. రెండో ప్రదర్శనలో కాగితం బంతి కూడా ఫ్యాన్‌కి తగిలింది, పోయి వంట మనిషి చేతిలో పడింది. ఆ నవ్వుతోనే అనుమానం సగం పోయింది.

"మనం ఇంతకుముందు కలిశామా?" అని వచ్చిన ప్రతి ఒక్కరినీ అడగడం మానెయ్యాలి. ఒక్కసారి అడిగితే భరోసా, మూడుసార్లు అడిగితే గుమ్మడికాయల దొంగ సామెతే. పృచ్ఛకుడి స్థానంలో ఆ సభ మొత్తం ఎరిగిన ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టాం. ఏ క్షణమైనా ఆపమనే హక్కు ఆయనది. నిజానికి ఆయన ఆపిన ప్రతిసారీ ప్రదర్శకుడికి ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది.

చెవికి తగిలించే మైకు తీసేసి, స్టాండు మీద మైకు పెట్టాం. చేతి మైకైతే కార్డు పనికి ఒక చేయి తక్కువవుతుంది. జుట్టు చెవుల వెనక్కి, చెవులు రెండూ కనిపించాలి. దీని గురించి నోరెత్తకూడదు. 'నా చెవిలో ఏమీ లేదు చూడండి' అంటే లేని అనుమానం పుట్టించినట్టే.

హాలు బయట ముందే కొందరితో రాయించుకునే ప్రీ-షో పద్ధతి పెద్ద నగరాల్లో చెల్లుతుందేమో. ఇక్కడ ప్రదర్శన అయిన అరగంటకు అందరూ ఒకే టీ కొట్టు దగ్గర కలుస్తారు, 'నాతో ముందే రాయించినారు' అన్న ఒక్క మాట చాలు. ఈ కేసులో దాన్ని పూర్తిగా వదిలేశాం.

దేవుడి ఊళ్ళో వేషం

నామం, విభూతి, రుద్రాక్ష, కాషాయం ఏవీ వద్దు. గంగ జాతరలో వేషం కట్టడం మొక్కు తీర్చుకోవడమైన ఊరు ఇది, పూనకం వచ్చినట్టు ఊగి చూపితే నవ్వరు, నొచ్చుకుంటారు. ఇస్త్రీ చొక్కా, ప్యాంటు చాలు.

ప్రారంభంలో చెప్పేది పొట్టిగా ఉండాలి: "ఇది సాధన చేసిన విద్య. కొంత గమనింపు, కొంత గారడీ, ఏది ఏదో చెప్పను. మహిమ లేదు, జాతకం లేదు. మీ రేపటి గురించి నాకేమీ తెలీదు." ఇలా చెప్తే నమ్మకం తగ్గుతుందని ప్రదర్శకుడు భయపడ్డాడు. జరిగింది వేరు. దేవుడి పేరు తీసేయగానే అనుమానించేవాళ్ళకు వాదించడానికి ఏమీ మిగల్లేదు, ఆ విద్యను చూస్తూ కూర్చున్నారు.

'మీరు పైకి ధైర్యంగా కనిపిస్తారు, లోపల మాత్రం...' తరహా వాక్యాలన్నీ కొట్టేశాం. 1948లో మనస్తత్వవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ 39 మంది విద్యార్థులకు ఒకే వర్ణనను ఎవరిది వారికే అన్నట్టు ఇస్తే, అది తమకు సరిపోయిందని వాళ్ళు అయిదుకు సగటున నాలుగుకు పైనే వేశారు. అంత తేలిగ్గా అతికే మాటలు వేదిక మీద బ్రహ్మాండంగా పనిచేస్తాయి, అందుకే ప్రమాదం. అవి విన్నవాళ్ళే తర్వాత మెట్ల దగ్గరికి వస్తారు. పోస్టరు మీద 'మీ సమస్యలకు సమాధానం' అని నిర్వాహకులు వేయబోతే ఆపించాం. రోగాల ఊసు కలిస్తే 1954 నాటి మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టం దాకా పోతుంది.

రెండో ప్రదర్శన

అదే ఊళ్ళో ఒక హోటల్ హాలు, ఒక వృత్తి సంఘం కుటుంబాల సమావేశం, రెండు వందల మంది. బయటికి వచ్చేటప్పుడు వినిపించిన ప్రశ్న మారింది. 'ఎవరు చెప్పారు' పోయి 'ఎట్లా పట్టినాడు' వచ్చింది. భోజనాల దగ్గర కొందరు రుమాలు పట్టుకుని తాళంచెవి వెతకడం మొదలుపెట్టారు, ఒకరిద్దరికి దొరికింది కూడా. తాము చేసి చూసింది నిజమని తేలాక, పేరు అంశాన్ని ఎవరూ తవ్వలేదు. పోయిన గొలుసు ఎక్కడుందో చెప్పమని ఒకరు అడిగారు. ప్రదర్శకుడు "అది నాకు తెలీదమ్మా, తెలిసే విద్య కాదిది, స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి" అని అక్కడితో ముగించాడు. ఇక్కడ ఊరడింపు కోసం ఒక్క ఊహ చెప్పినా, పైన కట్టినదంతా కూలుతుంది.

పుస్తకం అంశం ఇంకా బలహీనంగానే ఉంది. ప్రదర్శకుడు తెచ్చిన పుస్తకమైతే అనుమానం, ప్రేక్షకుడి పుస్తకమైతే పేజీ మీద పట్టు ఉండదు. ప్రస్తుతం దాన్ని పేరు అంశం మధ్య అడ్డుగోడగానే వాడుతున్నాం, చప్పట్లు ఆశించడం లేదు. కల్యాణ మండపాల్లో రుమాలు అంశానికి కుర్చీల మధ్య కనీసం మూడడుగుల దారి కావాలి. లేకపోతే తాళంచెవిని హాల్లో కాకుండా, వేదిక మీద వరుసగా పెట్టిన ఐదు సంచుల్లో ఒకదాంట్లో దాచమంటున్నాం. ఆ రూపంలో రెండు నిమిషాల్లో అయిపోతుంది, కష్టం తక్కువగా కనిపిస్తుంది, కాబట్టి సంచులు ఎనిమిదికి పెంచి చూడాలి.